చేలో దూకే ఎలుక ఎంత ఉంటుంది, ఎన్ని పిల్లలు పెడుతుంది?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కొత్తగా చూసేవాళ్ళ కోసం ముందు దాన్ని నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. మీది వింజమూరు పక్కన పల్లె. కంది కోశాక చేను దున్నిస్తుంటే గట్టు వార ఒక బొరియ తెగింది. లోపల ఎండుగడ్డి గూడు, అందులో కళ్ళు తెరవని ఆరు పిల్లలు. తల్లి మాత్రం వెనక కాళ్ళ మీద ఎగిరి, రెండు మూడు దూకుల్లో పక్క చేలో పడింది. మీ అబ్బాయి యూట్యూబులో వెతికి అది జెర్బోవా అన్నాడు. ఎరువుల కొట్టు దగ్గర ఎవరో కంగారూ ఎలుక అన్నారు. మీ నాన్నగారేమో పందికొక్కు పిల్లలే, పారేయండి అంటున్నారు. అది అసలు ఏ ఎలుక, ఎంత పెరుగుతుంది, ఏడాదికి ఎన్ని పెడుతుంది, అబ్బాయి అట్టపెట్టెలో పెట్టుకున్న ఈ ఆరింటినీ ఏం చేయాలి అని అడిగావు.

ఉదయగిరి, కలిగిరి, కొండాపురం, పామూరు వైపు మెట్ట ఊళ్ళలో దాదాపు ముప్ఫై ఏళ్ళు పంటల పనిమీద తిరిగినవాణ్ణి. అందులో చాలా పొద్దులు ఎలుక బొరియలు లెక్కపెట్టడానికే పోయాయి. కాబట్టి తెలిసింది చెప్తాను.

ముందు పేరు సంగతి. అది జెర్బోవా కాదు. జెర్బోవాలు ఉత్తర ఆఫ్రికా, అరేబియా, మధ్య ఆసియా ఎడారుల్లో ఉంటాయి. వాటి వెనక కాళ్ళు పుల్లల్లా మరీ పొడుగు, నడకంతా ఆ రెండు కాళ్ళ మీదే. కంగారూ ఎలుక ఉత్తర అమెరికాది. ఈ రెంటిలో ఏదీ మన గట్ల మీదకి వచ్చే దారి లేదు. నువ్వు చూసింది జెర్బిల్. శాస్త్రం పేరు టటేరా ఇండికా. 1807లో హార్డ్‌విక్ అనే ఇంగ్లీషు సైనికాధికారి దీన్ని మొదట వర్ణించి ఇండికా అని పేరు పెట్టాడు. హిందీలో పాతవాళ్ళు దీన్ని హరిణ మూస్ అనేవాళ్ళు, అంటే జింక ఎలుక. దాని దూకుడు చూసినవాడెవడైనా ఆ పేరే పెడతాడు.

మన పేర్ల గురించి ఒక సరదా విషయం. జెర్డన్ అని ఒక దొర ఉండేవాడు. కలివి కోడి అనే పిట్టకి ఇంగ్లీషులో ఆయన పేరే ఉంది. 1840ల్లో ఆయన నెల్లూరులో సివిల్ సర్జను. రోగుల్ని చూడగా మిగిలిన టైమంతా యానాదులతో కలిసి అడవులు, చెలకలు తిరిగి పిట్టలు, జంతువుల గురించి తెలుసుకున్నాడు. ఆయన తర్వాత రాసిన దాంట్లో ఈ ఎలుకకి వడ్డెరలు చెప్పే పేరు ఒకటి, యానాదులు చెప్పే పేరు ఒకటి ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి. చదివితే నా చెవికి ఒకటి ఎర్ర ఎలక అనీ, రెండోది తెల్ల ఎలక అనీ వినబడతాయి. ఒకే ఎలుకని ఒకరు ఎర్రది అని, ఒకరు తెల్లది అని ఎలా అంటారని మొదట్లో నాకూ తిక్కగా ఉండేది. చేతిలోకి తీసుకున్నాక తెలిసింది. వీపు మన ఎర్రనేల రంగు. తిప్పితే పొట్ట తెల్లగా, గీత గీసినట్టు వేరుపడి ఉంటుంది. మట్టి తవ్వేవాడు పైనుంచి చూసి పేరు పెట్టాడు, పట్టి గోతాంలో వేసుకునేవాడు తిప్పి చూసి పెట్టాడు అనుకుంటాను. ఇది నా ఊహే, కానీ నాకు నచ్చిన ఊహ.

ఇక సైజు. ఎంతుంటుందంటే అందరూ మూరెడు అంటారు. ముక్కు కొన నుంచి తోక కొన దాకా కొలిస్తే మూరకి కాస్త తక్కువ, కాబట్టి ఆ మాట అబద్ధం కాదు. కానీ అందులో సగం పైన తోకే. తలా ఒళ్ళూ కలిపితే జానెడుకి తక్కువే. టేపు పెడితే 15 నుంచి 19 సెంటీమీటర్ల మధ్య వస్తుంది. తోక దానికంటే పొడుగు, 20 సెంటీమీటర్ల చుట్టుపక్కల. బరువు బాగా పెరిగిన మగదైతే 150 నుంచి 200 గ్రాములు తూగుతుంది, ఆడది కొంచెం తక్కువ. నీకు కళ్ళముందుకి రావాలంటే, ఒక పెద్ద బత్తాయి కాయంత బరువు. నెలా రెండు నెలల పిల్లలు ఇంకా చిన్నగా ఉంటాయి. వాటిని చూసి వేరే జాతి అనుకునేవాళ్ళు చాలామంది.

కొలిచేటప్పుడు ఒక పొరపాటు అందరూ చేస్తారు, మొదట్లో నేనూ చేశాను. తోక పట్టుకుని వేలాడదీసి కొలవకూడదు. ఈ ఎలుక తోక తోలు ఒరలాగా ఊడి చేతికి వస్తుంది. ఎలుక పారిపోతుంది, బొచ్చు తోలు నీ వేళ్ళ మధ్య మిగులుతుంది. నక్క గానీ పిల్లి గానీ తోక పట్టుకుంటే తప్పించుకోవడానికి దానికున్న ఏర్పాటు అది. తోలు పోయిన చోట ఎముక ఎండి రాలిపోతుంది, ఆ ఎలుక మొండితోకతో బతికేస్తుంది. అలాంటి మొండితోక ఎలుకల్ని కొలిచి, పొట్టితోక జాతి ఇంకోటి ఉందని రిపోర్టు రాసిన కుర్రాడు ఒకడు నా దగ్గర పనిచేశాడు. మంచివాడే, తొందరెక్కువ.

జాతి గుర్తుపట్టడానికి నేను బరువుని నమ్మను. తిండి దొరికిన నెలలో ఒకటి, దొరకని నెలలో ఒకటి ఉంటుంది అది. వెనక పాదం చూస్తాను. మడమ నుంచి పొడుగు వేలి దాకా, గోరు వదిలేసి కొలిస్తే నాలుగు సెంటీమీటర్లు, ఆ పైన కొంచెం. పదిరూపాయల బిళ్ళ వెడల్పు 27 మిల్లీమీటర్లు. బిళ్ళన్నర పొడుగు పాదం అన్నమాట, జానెడు కూడా లేని ఒంటికి. పందికొక్కు పాదం కూడా దాదాపు అంతే ఉంటుంది కానీ దాని ఒళ్ళు దీనికి రెండింతలు. దీన్ని తిప్పి చూస్తే అరికాలు నున్నగా ఉంటుంది, బొచ్చు ఉండదు. రాజస్థాన్ ఎడారి వైపు దీని చుట్టం ఒకటి ఉంది, దాని అరికాలికి బొచ్చు ఉంటుంది. వేడి ఇసక మీద నడవాలి కదా. మనది ఇసకలోనూ ఎర్రనేలలోనూ తిరుగుతుంది కానీ అంత ఎడారి ప్రాణి కాదు.

ఇంకో రెండు గుర్తులు చెప్తాను, వీటితో మీ నాన్నగారికి కూడా నచ్చజెప్పొచ్చు. పందికొక్కుకి తోక ఒంటికంటే పొట్టి, నల్లగా గరుకుగా ఉంటుంది, బొచ్చు ఉండీ లేనట్టు. దీని తోకకి పైనా కిందా నల్లటి చార, పక్కలు లేతగా, చివర నల్లటి కుచ్చు. కిటికీ కర్టెన్ తాడుకి కుచ్చు కట్టినట్టు ఉంటుంది. రెండోది పళ్ళు. చచ్చిన ఎలుక దొరికితే పైపళ్ళు రెండూ చూడు. ఒక్కో పంటి మీద నిలువునా గోరుతో గీసినట్టు ఒక గాడి ఉంటుంది. పందికొక్కు పళ్ళు నున్నగా ఉంటాయి. కళ్ళు మాత్రం ఎవరూ చెప్పక్కర్లేదు. రాత్రిపూట బండి లైటు పడితే ముఖమంతా అవే.

దూకుడు గురించి జనం చెప్పుకునేది ఎక్కువే ఉంటుంది కానీ మరీ గాలి కబుర్లు కావు. మామూలుగా మేత మేసేటప్పుడు నాలుగు కాళ్ళ మీదే తిరుగుతుంది, చిన్న గెంతులు వేస్తుంది. బెదిరితే మాత్రం వెనక కాళ్ళతో తన్ని లేస్తుంది. పాతవాళ్ళు నాలుగైదు గజాలు దూకుతుందని రాశారు. నేను టార్చి వేసి మట్టిలో గుర్తులు కొలిచినవి ఎక్కువగా గజం, గజంన్నర. ప్రాణభయంతో ఎంత దూకుతుందో టేపు పట్టుకుని వెంటపడలేం కదా. దూకే దారి కూడా తిన్నగా ఉండదు, ఎడమకి ఒకటి, కుడికి ఒకటి. తోక గాల్లో చుక్కానిలా పనిచేస్తుంది. మొండితోకవి దూకి పక్కకి పడడం చూశాను.

ఇప్పుడు నువ్వు అసలు అడిగిన దానికి వస్తాను. ఎన్ని పిల్లలు పెడుతుంది?

కరపత్రాల్లో ఒక మాట ప్రతిచోటా ఉంటుంది. ఒక జంట ఎలుకలు ఏడాదిలో వందల్లోకి, వెయ్యి దాకా పెరుగుతాయని. మా మీటింగుల్లో నేనూ చెప్పాను ఆ మాట. చెప్పగానే రైతులు అబ్బో అంటారు, మందు బాగా అమ్ముడవుతుంది. కానీ ఆ లెక్కలో చావు లేదు. కాగితం మీద ఎలుక చావదు కాబట్టి అంత అవుతుంది.

చేలో ఎలా ఉంటుందో చెప్తాను. సంక్రాంతి వెళ్ళాక ఒక తెల్లవారుజామున, ఒక యానాది పెద్దాయనతో కంది చేనుకి వెళ్ళాను. ఆయనకి అప్పటికే డెబ్భై దాటి ఉంటాయి. గట్టు వెంట నడుస్తూ బొరియలు చూస్తూ పోతున్నాడు. నోటికి సాలెగూడు ఉన్నది వదిలేశాడు. మట్టి కుప్పగా పోసి మూసేసి ఉన్న దాన్ని చూపించి, "ఇది కొక్కుది అయ్యా, మనకొద్దు" అన్నాడు. రేగుచెట్టు మొదట్లో తలుపు తీసినట్టు తెరిచి ఉన్న కంత దగ్గర ఆగాడు. మట్టి మీద చిన్న చిన్న గెంతుల జాడ, ఒక నమిలిన కంది కాయ. వంగి వాసన చూశాడు. గడ్డపార వేయకుండా ముందు చుట్టూ తిరిగాడు. ఎందుకంటే ఈ ఎలుక బొరియకి ఇంకో దారి ఉంటుంది, అది పైకి కనబడదు. సొరంగం నేల పై పొరకి బెత్తెడు కింద దాకా వచ్చి ఆగిపోతుంది. ఆపదొస్తే ఆ పొరని తలతో పగలగొట్టుకుని లేస్తుంది. ఆయన మడమతో నేల కొట్టుకుంటూ నడిచి, ఒకచోట డొల్ల శబ్దం రాగానే అక్కడ తన తలపాగా పరిచి, నన్ను దాని మీద నిలబడమన్నాడు.

తవ్వితే రెండడుగుల లోతులో గూడు. గడ్డిపోచలు సన్నగా చీల్చి, కంది ఆకు కలిపి కొబ్బరిచిప్పలా చేసుకుంది. అందులో ఐదు పిల్లలు. బొచ్చు లేదు, లోపలి పాలు తెల్లగా కనబడేంత పల్చటి తోలు. నా చిటికెనవేలి రెండు కణుపులంత ఉన్నాయి ఒక్కోటి. తల్లి నా కాళ్ళ కింద తలపాగాలో తన్నుకుంటోంది. పట్టి తిప్పి చూస్తే ఎనిమిది చన్నులు, రెండు జతలు రొమ్ము దగ్గర, రెండు జతలు తొడల దగ్గర. అందులో ఐదు పాలు తాగి సాగి ఉన్నాయి. మూడు పొడిగా ఉన్నాయి.

ఈ ఎనిమిది అంకె గుర్తుపెట్టుకో. పాత పుస్తకాల్లో ఈ ఎలుక ఎనిమిది నుంచి పన్నెండు, ఒక్కోసారి పదహారు, ఇరవై పిల్లలు పెడుతుందని ఉంటుంది. ఇంటర్నెట్లో ఇప్పటికీ అది చూసి రాసేవాళ్ళున్నారు. ఎనిమిది చన్నుల తల్లి ఇరవైమందిని సాకలేదు. మెట్టలో నేను చూసిన గూళ్ళలో నాలుగు, ఐదు, ఆరు ఇవే ఎక్కువ. రెండు చూశాను, తొమ్మిది ఒక్కసారి చూశాను. ఆ తొమ్మిదిలో రెండు మిగతావాటిలో సగం కూడా లేవు. జోధ్‌పూర్‌లో ఉన్న కేంద్ర శుష్క మండల పరిశోధన సంస్థలో ఈశ్వర్ ప్రకాశ్ గారు ఎడారి ఎలుకల మీదే జీవితమంతా పనిచేశారు. అక్కడి లెక్కల్లోనూ ఒకటి నుంచి తొమ్మిది పది దాకా ఉండి, సగటు ఐదు దగ్గరే నిలుస్తుంది. నీ ఆరు మామూలు కంటే ఒకటి ఎక్కువ, అంతే. కోత దగ్గరపడి తల్లికి గింజ బాగా దొరికింది కాబట్టి.

కడుపు మోసేది నాలుగు వారాలు. 28 నుంచి 30 రోజులు అనుకో. పిల్లలు పుట్టినప్పుడు కళ్ళు మూసుకుని, చెవులు తలకి అంటుకుపోయి ఉంటాయి. వారం దాటాక వీపు మీద సన్నటి నూగు వస్తుంది, రంగు మారుతుంది. రెండు వారాలకి కాస్త అటూ ఇటుగా కళ్ళు విచ్చుతాయి. మూడు నాలుగు వారాలకి పాలు మానేసి బొరియ నోటి దాకా వచ్చి తొంగి చూస్తాయి. ఎక్కువ చచ్చేది అప్పుడే. తొంగి చూడడం నేర్చుకుంటాయి కానీ దూకడం ఇంకా రాదు. ఆడపిల్ల తనూ తల్లి కావడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది.

ఇంకో సంగతి. పిల్లలు పెట్టిన రోజుల్లోనే తల్లి మళ్ళీ మగదానితో కలవగలదు. అంటే ఒక కాన్పు పిల్లలు పాలు తాగుతుండగా తర్వాతి కాన్పు కడుపులో పెరగొచ్చు. కరపత్రం లెక్క ఇక్కడి నుంచే పుట్టింది. నెలకో కాన్పు, కాన్పుకి ఐదు, ఏడాదికి అరవై, కూతుళ్ళ కూతుళ్ళని కలిపితే వందలు. సాధ్యమే, తిండి ఏడాది పొడుగునా ఉంటే. మన మెట్టలో ఉండదు కదా. మే నెలలో ఉదయగిరి వైపు చేలో నిలబడి చూడు, నీకే తినడానికి ఏమీ కనబడదు. అది గడ్డి వేళ్ళు, చెదలు, పురుగులు తిని ప్రాణం నిలుపుకుంటుంది. అప్పుడు పట్టిన ఆడవాటి కడుపులు ఎక్కువగా ఖాళీ. బొరియలు కూడా ఎండాకాలంలో లోతుకి పోతాయి, నాలుగడుగులు తవ్వినా దొరకవు.

ఇక్కడ ఉత్తరాది పుస్తకాలు మనల్ని దారి తప్పిస్తాయి. రాజస్థాన్‌లో నైరుతి వానలు కురిసే జూలై, ఆగస్టుల్లో ఈ ఎలుక పిల్లల జోరు ఒకసారి పెరుగుతుంది. అది చదివి మన దగ్గర ఆగస్టులో ఎలుకల నివారణ వారం పెట్టిన సందర్భాలు చూశాను. నెల్లూరుకీ ప్రకాశం తీరం వైపుకీ అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చేది. కంది, మినుము, సజ్జ, ఏది గింజ కట్టినా ఆ వాన మీదే. ఎలుక మన క్యాలెండరు చూడదు, గింజ చూస్తుంది. ఏడాదిలో ఏ నెలలోనైనా కడుపుతో ఉన్నది ఒకటో రెండో దొరుకుతాయి, కానీ నేను తవ్వించిన వాటిలో పిల్లలున్న గూళ్ళు డిసెంబరు నుంచి మార్చి లోపే ఎక్కువ. బోరు కింద రెండో పంట వేరుశనగ ఉన్న చోట ఇంకో నెల సాగుతుంది. నా అంచనా ప్రకారం మెట్ట ఆడ ఎలుక ఏడాదికి మూడు, మంచి ఏడాదైతే నాలుగు కాన్పులు దాటదు.

నాలుగైదులు ఇరవై. ఒక్క తల్లికి ఇరవైమంది అన్నా ఎక్కువే కదా అంటావు. అందుకే నేను ఇంకో లెక్క చేశాను. ఒక చేను గట్టు, దాదాపు రెండొందల గజాలు, ప్రతి ఏడూ జనవరిలో ఒకే పద్ధతిలో చూశాను. సాయంత్రం కంతలన్నీ మట్టితో మూసేయడం, పొద్దున్నే ఎన్ని తెరుచుకున్నాయో లెక్కపెట్టడం. తెరుచుకున్నదే కాపురం ఉన్న బొరియ. ఒక ఏడు పదకొండు వచ్చాయి. మరుసటి ఏడు పదమూడు. ఆ తర్వాత తొమ్మిది, మళ్ళీ పన్నెండు. ప్రతి తల్లీ ఇరవై పెట్టినా గట్టు మీద లెక్క మారలేదు. అంటే తల్లీతండ్రుల చోటు నింపడానికి ఇరవైలో రెండే మిగులుతున్నాయి, పద్దెనిమిది పోతున్నాయి. గుడ్లగూబ, జెర్రిపోతు, నాగుపాము, రక్తపింజరి, గుంటనక్క, అడవిపిల్లి, ఉడుము, ముంగిస, అన్నీ దీన్నే నమ్ముకుని ఉన్నాయి. నీళ్ళు నిలిచే వాన ఒకటి గట్టిగా పడితే గూళ్ళు గూళ్ళే మునిగిపోతాయి.

ఒకే ఒక్క ఏడు అదే గట్టు మీద ముప్ఫై నాలుగు కంతలు తెరుచుకున్నాయి. పిల్లలు ఎక్కువ పెట్టడం వల్ల కాదు, గూళ్ళలో అప్పుడూ ఐదారే. ఆ ఏడు కంది కోత కూలీలు దొరక్క నెల లేటయింది, కోసిన కట్టెలు చేలోనే కుప్పలుగా ఉండిపోయాయి. గట్టు మీద సర్కారు తుమ్మ దట్టంగా కమ్మేసింది. ఎలుకకి ఇంటి ముందు గాదె, నెత్తిన గొడుగు దొరికాయి. పోవాల్సిన పద్దెనిమిదిలో సగం బతికిపోయాయి. మీ నాన్నగారు "ఎన్ని పెడతాయి" అని అడిగితే "ఐదు" అని చెప్పు. కానీ చేలో ఎన్ని ఉంటాయనేది ఆ ఐదుని బట్టి తేలదు, కుప్ప ఎన్నాళ్ళుంది, గట్టు ఎలా ఉంది అనేదాన్ని బట్టి తేలుతుంది.

మందు సంగతి నువ్వు అడగలేదు కాబట్టి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. పెట్టదలిస్తే పంట గింజ కట్టకముందే, పిల్లల జోరు మొదలవకముందే, చుట్టుపక్కల నాలుగు చేల రైతులు కలిసి ఒకే రోజు పెట్టాలి. నీ ఒక్కడి చేలో పెడితే పక్క చేలోవి వచ్చి ఖాళీ బొరియల్లో చేరతాయి. బ్రోమాడయోలోన్ అయితే 96 పాళ్ళు నూక, రెండు పాళ్ళు నూనె, రెండు పాళ్ళు మందు కలిపి, తెరుచుకున్న బొరియల లోపలే పెట్టాలి, గట్టు మీద చల్లకూడదు. జింక్ ఫాస్ఫైడ్ అయితే రెండ్రోజులు ముందు ఉత్త నూక తినిపించి అలవాటు చేయాలి, లేకపోతే అనుమానపడి ముట్టవు. దానికి విరుగుడు లేదు, చేతికి గ్లౌజు లేకుండా ముట్టుకోకు. చచ్చినవి కనబడితే పూడ్చిపెట్టు. వాటిని తిన్న కుక్కలు, గుడ్లగూబలు చస్తే మరుసటి ఏడు ఆ పద్దెనిమిదిని తినేవాళ్ళు ఉండరు.

మీ అబ్బాయికి ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పు, వట్టి చేతులతో పట్టుకోవద్దని. అడవి ఎలుకల్లో ప్లేగు నిలిచి ఉండడానికి దక్షిణాదిలో ఈ జెర్బిల్ ముఖ్యమైన ఆధారం. చిత్తూరు, కోలారు, అప్పటి ధర్మపురి జిల్లాలు కలిసే చోట ఏళ్ళ తరబడి దాని మీద నిఘా ఉంచారు. కోలారు జిల్లా ముళబాగిలు వైపు 1966లో మనుషులకి సోకిన కేసు కూడా ఉంది. మన దగ్గర ఇప్పుడు ఆ టెన్షన్ పెట్టుకోనక్కర్లేదు. కానీ ఎలుక మూత్రంతో వచ్చే లెప్టో జ్వరం మాత్రం ఎక్కడైనా ఉండేదే. చేతికి కోత ఉంటే అసలు ముట్టుకోవద్దు. ముట్టుకున్నాక సబ్బుతో కడుక్కోవాలి.

ఇక పెట్టెలో ఉన్న ఆరు. పాలసీసా మూతతో ఆవుపాలు పోస్తున్నాడని రాశావు. కళ్ళు తెరవని ఎలుక పిల్లకి ఆవుపాలు పడవు, పైగా ముక్కులోకి పోయి చస్తుంది. అదీ కాక వాటికి వెచ్చదనం కావాలి, రాత్రి చలికి అట్టపెట్టె చాలదు. నువ్వు రాసింది నిన్న సాయంత్రం. తల్లి చావలేదు, దూకిపోయింది. చెదిరిన గూటి దగ్గరకి రాత్రి వచ్చి పిల్లల్ని నోట కరుచుకుని వేరే బొరియకి మోసుకుపోవడం నేను రెండుసార్లు చూశాను. ఈ రోజు పొద్దుగూకాక, గూడు తెగిన చోటుకి దగ్గర్లో గట్టు నీడన చిన్న గుంట తీసి, ఆ గడ్డే కింద వేసి, పిల్లల్ని పెట్టి, పైన నాలుగు కంది పుల్లలు అడ్డంగా వేసి వచ్చేయండి. కుక్కని ఇంట్లో కట్టేయండి. అబ్బాయిని కూడా అక్కడ కూర్చోనివ్వకు, మనిషి అలికిడి ఉంటే తల్లి రాదు. తెల్లారేసరికి గుంట ఖాళీ అయిందంటే తీసుకుపోయి ఉండొచ్చు, లేదా ఇంకెవరి కడుపులోకైనా పోయి ఉండొచ్చు. రెండోది జరిగిందని మాత్రం వాడికి చెప్పకు.

నాన్నగారు ఊరుకోరంటావా? కంది ఎలాగూ ఇంటికి చేరింది. ఆ గట్టు మీద వచ్చే జనవరికి ఎన్ని బొరియలుంటాయో తేల్చేది ఈ ఆరు కాదని నా పదకొండు, పదమూడు లెక్క ఆయనకి చెప్పు. వినకపోతే గట్టు మీది తుమ్మ కొట్టించమను, దాంతో ఆయన కోపమూ తీరుతుంది, పనీ అవుతుంది.

పెట్టేముందు ఒక్క పిల్లని గుడ్డతో పట్టుకుని, వెనక పాదం పక్కన పదిరూపాయల బిళ్ళ పెట్టి ఒక ఫోటో తీయి. వీపు మీద నూగు వచ్చిందో లేదో కూడా కనబడేలా తీయి. అవి పుట్టి ఎన్ని రోజులయిందో దాన్ని బట్టి చెప్తాను.